మూడు లీటర్లు

పొద్దున్నే నా మొదటి రోగి మనిషి కాదు,
మూడు లీటర్లు పట్టే పిచికారీ.
దాన్ని మెల్లగా ఒకసారి, చప్పున ఒకసారి
యంత్రంలోకి నెడతాను.
మూడంటే మూడే చూపించాలి.
మూడు పాయింట్ సున్నా రెండు. సరే, పర్లేదు.
తాళం వేశానా లేదా అని సగం దారి నుంచి
వెనక్కొచ్చి చూసే రకం నేను,
ఇంకోసారి నెడతాను.

బయట ఆస్ట్రావా. జనవరి.
మంచూ పొగా ఒకే దుప్పటి కప్పుకుని
నాలుగు రోజులుగా లేవడం లేదు.
ట్రామ్ కనపడదు, దాని దీపం కనపడుతుంది.

ఇక పగలంతా నా ఉద్యోగం అరవడమే.
"పీల్చు, పీల్చు, ఇంకా, ఇంకొంచెం,
ఇప్పుడు ఊదు! ఊదు ఊదు ఊదు ఊదు
ఆపకు, అడుగున ఇంకా ఉంది, గీకి తియ్యి!"
పాలగిన్నె అడుగు మీగడ గీకినట్టు
ఆ చివరి గుక్కెడు గాలి కోసం
ఒకరి ఎదుట ఒకరం ఎర్రబడిపోతాం.
పక్క గది కళ్ళ డాక్టరు షిండెలార్
నేను పిల్లల్ని కొడతానని
చాలా రోజులు అనుకున్నాడట.

పదకొండింటికి ప్షెమిసల్ వచ్చాడు, నలభై ఆరేళ్ళు.
పొట్ట కోసం రొట్టెలు కాలుస్తాడు,
పొట్ట తగ్గాలని ఆదివారాలు నది వెంట పరిగెడతాడు.
కనుబొమల మీద పిండి ఇంకా ఉంది.
కూర్చుని ఊదితే ఏ లోటూ లేదు,
నాలుగు పాయింట్ రెండు.
తెర మీద గీత కొండలా లేచి
తిన్నగా దిగింది.
ట్రెడ్‌మిల్ మీద ఆరు నిమిషాలు పరిగెత్తించి,
దిగాక పది నిమిషాలు ఆగి, మళ్ళీ ఊదించాను.
మూడున్నర.
కొండ దిగే వైపు ఎవరో చెంచాతో తవ్వుకుపోయారు.
స్టెతస్కోపు అక్కర్లేకుండానే
గదంతా పిల్లికూతలు.

"వయసనుకున్నాను" అన్నాడు, అంతే.
తర్వాత అడిగాడు: "పిండి వల్లా? చలి వల్లా? ఈ పొగ వల్లా?"
ఎంత పోయిందో యంత్రం చెబుతుంది.
ఎవరు పట్టుకుపోయారో చెప్పదు.

మధ్యాహ్నం బోదాంకా.
ఎనిమిదేళ్ళు, నూట ఇరవై ఒక్క సెంటీమీటర్లు.
ఆ వయసుకి, ఆ ఎత్తుకి
ఛాతీలో ఎంత గాలి ఉండాలో
నా దగ్గర పట్టిక ఉంది.
ముక్కుకి క్లిప్పు పెడితే
"ఇప్పుడు నా గొంతు బాతు గొంతు" అని ప్రకటించింది.
పిల్లల కోసం తెర మీద కొవ్వొత్తులుంటాయి, ఏడు.
మొదటిసారి నాలుగు ఆరాయి.
రెండోసారి నాలుగు.
మూడోసారి ఐదోది వంగి, తూలి, మళ్ళీ నిలబడింది.
దానికేసి కోపంగా చూసింది,
అట్టగొట్టం మీద పళ్ళగాట్లు.

మందు పీల్పించి పావుగంట కూర్చోబెట్టాను.
గోడకున్న ఊపిరితిత్తుల బొమ్మ చూసి
"తాతయ్యవి ఈ రంగులో లేవు" అంది.
తాతయ్య గనిలో పనిచేశాడట.
నేను అడగలేదు, తను ఆపలేదు,
తాతయ్య దగ్గు ఎన్ని రకాలో చేసి చూపించింది.

మళ్ళీ పీల్చింది. భుజాలు చెవులదాకా లేచాయి.
ఐదు. ఆరు. ఏడోది కూడా.
నేనూ చప్పట్లు కొట్టాను, వాళ్ళమ్మ కొట్టలేదు,
కాగితం మీద రెండు గీతల మధ్య ఖాళీ చూస్తోంది.
మందుతో తెరుచుకుందంటే
మందు లేనప్పుడు మూసుకుని ఉందనేగా.

బోదాంకాకి ఇంకో లెక్క తేలలేదు:
"నాకు ఎనిమిదేళ్ళు కదా, ఏడే పెట్టారేం?"
అది తయారుచేసినవాళ్ళ తప్పన్నాను.
కోటు వేసుకుంటూ, ఒక చెయ్యి ఇంకా లోపల ఇరుక్కుని:
"నేను ఊదిందంతా ఏం చేస్తారు?"

కిటికీ తీసి బయటికి పంపేస్తామని
చెప్పబోయాను.
కిటికీ రెక్క మీద
పొద్దున నా చేత్తో నేనే అంటించిన చీటీ ఉంది:
ఈరోజు తెరవరాదు.